చెట్టు కింద నేల
(విశాఖపట్నంలో ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కరపత్రంలో నా ప్రసంగానికి ‘చెట్ల ప్రాముఖ్యత’ అని పేరు వేశారు. ఆ వ్యాసం మీ అందరికీ ఐదో తరగతిలోనే వచ్చు. అశోకుడు రోడ్లకు ఇరువైపులా చెట్లు నాటించెను. చెట్లు మనకు ప్రాణవాయువును ఇచ్చును. కావున మనము చెట్లను పెంచవలెను. పదికి ఎనిమిది మార్కులు. దాన్నే మళ్ళీ చెప్పడానికి ఆదివారం పూట మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టడం న్యాయం కాదు.

అయితే అశోకుడి విషయంలో మన పుస్తకం సగమే చెప్పింది. ఆయన తన ఏడో స్తంభ శాసనంలో, దారుల వెంట మర్రిచెట్లు నాటించానని, అవి పశువులకీ మనుషులకీ నీడనిస్తాయని రాయించాడు. మామిడి తోటలు వేయించాననీ, బావులు తవ్వించాననీ కూడా అందులో ఉంది. ఏ చెట్టో చెప్పాడు, ఎందుకో చెప్పాడు. ఇవాళ మనం ఏటా చేసే మొక్కలు నాటే పండగల్లో ఆ రెండూ వినబడవు. ఇన్ని లక్షల మొక్కలు అనే అంకె ఒక్కటే వినబడుతుంది. మరుసటి ఏడు అదే గుంతలో మళ్ళీ మొక్క పెడితే ఆ అంకె ఇంకా పెరుగుతుంది.

ఇక ప్రాణవాయువు. చెట్టుకి వెల కట్టమంటే అందరూ ముందు ఆక్సిజన్ దగ్గరికే పోతారు. పశ్చిమ బెంగాల్‌లో రైల్వే వంతెనల కోసం 356 చెట్లు కొట్టాలనుకున్న కేసులో సుప్రీంకోర్టు ఒక నిపుణుల కమిటీని వేసింది. ఆ కమిటీ చెప్పిన లెక్క 2021లో పత్రికల్లో వచ్చింది. ఒక చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలట. అందులో 45,000 ఆక్సిజన్‌కే. వందేళ్ళు దాటిన చెట్టయితే కోటి రూపాయల పైమాటే అన్నారు. అంత విలువ కట్టాక కూడా, 2023లో మూడొందల పైచిలుకు చెట్లు కొట్టుకోవడానికి అదే కోర్టు ఒప్పుకుంది. వంతెనలు లేక గేట్ల దగ్గర జనం పడే ఇబ్బంది వాళ్ళకి ఎక్కువగా తోచింది. తప్పంటానా? అక్కడి మనుషుల అవసరాన్ని నేను కొట్టిపారెయ్యను. ఆ లెక్క మీద మాత్రం నాకు పేచీ ఉంది.

గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. ఒక్క చెట్టు కూడా లేని సందులోనూ అంతే, కంబాలకొండ అడవిలోనూ దాదాపు అంతే. మీ ఇంటి ముందు వేపచెట్టు లేకపోతే మీకు ఊపిరి ఆడకుండా పోదు. కాబట్టి చెట్టు కొట్టేసినవాణ్ణి ఆక్సిజన్ పేరు చెప్పి భయపెడితే వాడు నవ్వి ఊరుకుంటాడు. కొట్టాక కూడా వాడు బాగానే ఊపిరి పీలుస్తున్నాడు మరి! ఓడిపోయే వాదన మనం ముందు పెట్టకూడదు.

నీడ గురించి మాట్లాడదాం. అశోకుడు చెప్పింది అదే. ఎండ పడే తారురోడ్డుకీ, చెట్టు నీడలో ఉన్న తారురోడ్డుకీ మిట్టమధ్యాహ్నం 11 నుంచి 25 డిగ్రీల దాకా తేడా ఉండొచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. గాలిలో వేడి సంగతి కాదు, కాలి కింద నేల వేడి సంగతి. ఆ నేలే రాత్రి పదింటి వరకూ వేడిని వదులుతూ ఉంటుంది. మే నెలలో మన మేడ మీద గది అర్ధరాత్రి దాకా చల్లబడకపోవడానికి స్లాబ్‌తో పాటు చుట్టూ ఉన్న సిమెంటు కూడా కారణమే.

చెట్టు ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంది, దానివల్ల కూడా చల్లదనం వస్తుంది. ఇది హైదరాబాద్, అనంతపురం లాంటి పొడి ఊళ్ళలో బాగా పనిచేస్తుంది. మనది సముద్రం పక్కన ఊరు, గాలిలో తేమ ముందే నిండి ఉంటుంది, కాబట్టి ఆ లాభం మనకి తక్కువ. విశాఖలో చెట్టంటే ముందు నీడే. నీడ కావాలంటే విశాలమైన కొమ్మలున్న పెద్ద చెట్టు కావాలి. డివైడర్ మీద కత్తిరించి గుండ్రంగా నిలబెట్టిన మొక్కలు వంద కలిసినా ఒక్క నిద్రగన్నేరు చెట్టు చేసే పని చెయ్యలేవు. బస్టాపులో ఆ చెట్టు కిందే కూరగాయల బండి, చెప్పులు కుట్టే ఆయన, చెరుకురసం మిషను, ఆటో స్టాండు. ఆ చెట్టు పోయిన మర్నాడు వాళ్ళంతా ఎక్కడికి పోతారో ఎవరూ లెక్క రాయరు. ఏసీ ఉన్నవాడికి చెట్టు అందం. లేనివాడికి పని చేసుకునే చోటు.

చెట్టు విలువకి అంతకంటే సూటి ఉదాహరణ ఒకటి హైదరాబాద్‌లో ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. తర్వాత అక్కడ ఉస్మానియా ఆస్పత్రి కట్టినా చెట్టు జోలికి పోలేదు. ఆస్పత్రి ఆవరణలో ఏటా వరద రోజున దాని కింద సభ పెట్టుకుంటారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను. గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి. మర్నాడు పొద్దున్న తలుపు తీసిన వాళ్ళకి ముందు కనబడినవి పడిపోయిన చెట్లే. సిరిపురం, యూనివర్సిటీ, బీచ్ రోడ్డు, ఎటు చూసినా కొమ్మలే. కైలాసగిరి మీద పచ్చదనం మాడిపోయినట్టు అయింది. అంత గాలికి ఏ చెట్టయినా పడుతుంది, ఒప్పుకుంటాను. కానీ పడిన చెట్ల మొదళ్ళ దగ్గరికి వెళ్ళి చూసినవాళ్ళకి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. చాలా చెట్లకి ఒక పక్క వేళ్ళు ఉన్నాయి, రెండో పక్క లేవు. లేని పక్కన ఏముంది? డ్రైనేజీ కాలువ గోడ. లేకపోతే రోడ్డు అంచు సిమెంటు. కేబుల్ కోసం తవ్విన కందకం. ఆ పక్క వేళ్ళు ఏనాడో తెగిపోయాయి. చెట్టు ఆ తర్వాత కూడా పచ్చగానే ఉంది, పూలు పూసింది, కాయలు కాసింది. గాలి వచ్చిన రోజు పడింది. పేపర్లో గాలికి కూలిన చెట్టు అని వచ్చింది.

నేను ఇవాళ ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. చెట్టుకి దెబ్బ తగిలిన రోజుకీ, చెట్టు చచ్చిపోయే రోజుకీ మధ్య ఐదేళ్ళు ఉండొచ్చు, పదేళ్ళు ఉండొచ్చు. ఆలోగా కాంట్రాక్టరు మారిపోతాడు, ఇంజనీరుకి బదిలీ అవుతుంది, మనం మర్చిపోతాం. అందుకే ఊళ్ళో చెట్ల చావుకి ఎవరూ బాధ్యులు ఉండరు.

వేళ్ళ గురించి మనకి ఒక అపోహ ఉంది. పైన ఎంత చెట్టుందో కింద అంత లోతుగా వేరు ఉంటుందనుకుంటాం. చాలా చెట్లకి వేళ్ళలో ఎక్కువ భాగం పైమీటరు లోతులోనే ఉంటుంది. నీరు, పోషకాలు పీల్చే సన్నవేళ్ళయితే ఇంకా పైనే, జానెడు మూరెడు లోతులో. లోతుకి పోయే బదులు అవి పక్కలకి పోతాయి, కొమ్మల అంచు దాటి చాలా దూరం. ఎందుకంటే వేళ్ళు కూడా ఊపిరి పీలుస్తాయి. నేలలో సందుల్లో ఉన్న గాలి వాటికి కావాలి. లోతుకి వెళ్ళేకొద్దీ ఆ గాలి తక్కువ.

ఇప్పుడు మన ఫుట్‌పాత్ చూడండి. మాను చుట్టూ అంగుళం సందు లేకుండా పేవర్ టైల్స్ పరిచేశారు. కొన్నిచోట్ల చెట్టుకి అందంగా ఉంటుందని గుండ్రంగా అరుగు కట్టి, లోపల రెండడుగుల మట్టి పోసి, దాని మీద గ్రానైటు వేశారు. ఆ అరుగు మీద కూర్చుని మనమే కబుర్లు చెప్పుకుంటాం. మాను మొదలు మట్టిలో కప్పబడితే అక్కడ బెరడు నాని కుళ్ళుతుంది, కింద వేళ్ళకి గాలి ఆడదు. ఢిల్లీలో చెట్ల మొదళ్ళ చుట్టూ మీటరు మేర సిమెంటు తీసెయ్యమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన దగ్గర తోటపని చేసేవాళ్ళకి ఇవేవీ కొత్త కాదు. కొబ్బరిచెట్టుకి పాదు తియ్యకుండా ఏ రైతూ ఉండడు. అదే రైతు కొడుకు ఊళ్ళో ఇల్లు కట్టుకుంటే, గుమ్మం ముందు చెట్టుకి పాదు ఉంచడు. బురద అవుతుందని సిమెంటు చేయిస్తాడు.

నీళ్ళు కూడా మాను మొదట్లో పొయ్యడం మనకి అలవాటు. చిన్న మొక్కకి అది సరే. పెరిగిన చెట్టుకి తాగే వేళ్ళు అక్కడ ఉండవు, కొమ్మల నీడ అంచు దగ్గర ఉంటాయి. పొయ్యాల్సింది అక్కడ. ఆకులు ఊడ్చి తగలబెట్టడం ఇంకో అలవాటు. అదీ చెట్టు మొదట్లోనే! ఆ మంట బెరడుని మాడ్చేస్తుంది. చెట్టు తయారుచేసుకున్న ఆహారం వేళ్ళకి దిగేది బెరడు లోపలి పొరలోంచే. చుట్టూ ఉంగరంలా బెరడు పోతే చెట్టు నెమ్మదిగా ఆకలితో చస్తుంది. షాపు బోర్డు కనబడట్లేదని రాత్రిపూట బెరడు ఒలిచేవాళ్ళకి, యాసిడ్ పోసేవాళ్ళకి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. ఎండుటాకుల్ని పాదులోనే ఓ నాలుగు చేతివేళ్ళ మందాన పరిచి ఉంచండి. మానుకి తగలకుండా కొంచెం ఎడం ఉంచితే చాలు.

కొమ్మల విషయం. ఏటా వానలకి ముందు కరెంటు లైన్ల కింద కొమ్మలు కొడతారు. కొట్టక తప్పదు. వైరు మీద కొమ్మ పడితే ప్రాణాలు పోతాయి, లైన్‌మెన్‌ని తిట్టి లాభం లేదు. కానీ కొట్టే పద్ధతి ఉంది. తల నరికేస్తే, నరికిన చోట గుత్తులుగా పిలకలు వస్తాయి. చూడ్డానికి బాగా చిగిర్చినట్టు ఉంటుంది. ఆ పిలకలకి మానులో గట్టి పట్టు ఉండదు, నాలుగైదేళ్ళకి లావెక్కి అవే విరిగి మీద పడతాయి. వైరు ఉన్న పక్కన మాత్రమే కొడితే బరువంతా రెండో పక్కకి పోతుంది. కింది కొమ్మలన్నీ తీసేసి పైన మాత్రం వదిలితే, తుపాను గాలికి అది తెరచాపలా పనిచేస్తుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్ళం, తెరచాప ఏం చేస్తుందో మనకి చెప్పక్కర్లేదు.

అమెరికా అటవీ శాఖలో అలెక్స్ షైగో అని ఒక శాస్త్రవేత్త ఉండేవారు. వేల చెట్లని చైన్‌సాతో నిలువునా చీల్చి చూశారు, గాయమైన చోట లోపల ఏం జరిగిందో అని. చెట్టుకి గాయం మానదు అని ఆయన తేల్చారు. పాడైన చెక్క మళ్ళీ బాగుపడదు. చెట్టు దాని చుట్టూ గోడ కట్టుకుంటుంది, కుళ్ళు ఇటు రాకుండా. కొమ్మ మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది చూడండి, గోడ కట్టుకునే ఏర్పాటు అక్కడ ఉంది. మాను పక్కనే నున్నగా కోసేస్తే ఆ ఉబ్బు పోతుంది. మూరెడు మొండి కొమ్మ వదిలేస్తే అది కుళ్ళి లోపలికి దారి ఇస్తుంది. ఉబ్బు దాటగానే కోయాలి. పెద్ద కొమ్మయితే ముందు కొంచెం దూరంలో కింద నుంచి సగం కోసి, ఆ తర్వాత పై నుంచి కోసి బరువు దించేసి, చివరికి ఉబ్బు దగ్గర కోయాలి. లేకపోతే కొమ్మ పడేటప్పుడు మాను బెరడు కిందిదాకా చీరుకుపోతుంది. కోసినచోట తారు పుయ్యడం, తొర్రలో సిమెంటు నింపడం పాత అలవాట్లు. వాటివల్ల మేలేమీ లేదు. మేకులు కొట్టి ఫ్లెక్సీలు కట్టేవాళ్ళ గురించి నేను మాట్లాడితే సభ మర్యాద పోతుంది, వదిలేద్దాం.

శ్రద్ధ పెడితే ముసలి చెట్టు కూడా నిలబడుతుందనడానికి మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఉంది. ఎన్నో ఊడలు దిగి ఎకరాలు పరుచుకున్న మర్రి అది. చెద పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, చుక్కచుక్కగా చెద మందు ఎక్కించారు. ఆ ఫొటోలు అందరూ చూశారు. చూడనిది ఇంకొకటి ఉంది. సందర్శకుల్ని ఆపేశారు. అంతకుముందు జనం ఆ ఊడల మీద ఎక్కి ఊగేవారు, పేర్లు చెక్కేవారు. సీసాలు ఎంత పని చేశాయో, మనుషులు దూరంగా ఉండటం కూడా అంత పని చేసిందని నా ఉద్దేశం.

హుద్‌హుద్ తర్వాత మనం చాలా మొక్కలు నాటాం. తొందరగా పచ్చబడాలని తొందరగా పెరిగేవి ఎంచుకున్నాం. వాటిలో ఏడాకుల పాల ఒకటి. అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే సాయంత్రం దాని పూల వాసనకి తలనొప్పి, ఆయాసం అని ఫిర్యాదులు. కొట్టెయ్యండి అని ఒకరు, వద్దు అని ఒకరు. ఆ చెట్టు మన దేశపుదే, చెడ్డది కాదు. శాంతినికేతన్‌లో స్నాతకోత్సవంలో దాని ఆకులు ఇస్తారు. ఒక చెట్టు ఒక తోటలో ఉంటే ఆ వాసన ఎవరికీ బాధ కాదు. వరసగా రోడ్డు పొడవునా పెడితే ఏ చెట్టయినా అంతే. కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు కథ ఇంకా తొందరగా అడ్డం తిరిగింది. తెలంగాణ 2022లో, గుజరాత్ 2023లో దాన్ని నాటొద్దన్నాయి. మొన్నటిదాకా నర్సరీల్లో పెంచి పంచిందీ ప్రభుత్వాలే.

ఒకే రకం నాటితే వచ్చే చిక్కు వాసనతో పోదు. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు కొమ్మల చివరి నుంచి ఎండిపోవడం చూశారు కదా. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు ఒక పీల్చే పురుగు. చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి, అదృష్టం. చిగిర్చకపోతే కేవలం వేపే ఉన్న వీధికి ఏమయ్యేది? అమెరికాలో శాంటమోర్ అనే శాస్త్రవేత్త 1990లో ఒక లెక్క చెప్పారు. ఊళ్ళో ఏ ఒక్క జాతి చెట్లూ పదిశాతం దాటకూడదని. మన కాలనీకి అంత కచ్చితంగా పాటించడం కష్టం. ఒక వీధికి మూడు నాలుగు రకాలు పెట్టగలం.

మనకి తగినవి మన తీరంలోనే ఉన్నాయి. ఉప్పుగాలిని తట్టుకునే పొన్న, గంగరావి, బాదం. నీడకి కానుగ, వేప, చోటుంటే నేరేడు. వైర్ల కింద పొగడ గానీ రేల గానీ. నేరేడు పళ్ళు కారు మీద పడి మచ్చలవుతాయని ఇప్పుడే ఎవరో అన్నారు. కారు కడుక్కోవచ్చండీ.

మొక్క కొనేటప్పుడు ఒక్కటి చూడండి. కడియం నర్సరీల నుంచి వచ్చే సంచుల్లో పదడుగుల మొక్క చూడగానే ముచ్చటేస్తుంది. సంచి విప్పి వేళ్ళు చూడండి. చాలాకాలం సంచిలో ఉండిపోతే వేరు బయటికి పోలేక గుండ్రంగా చుట్టుకుపోతుంది. అలాగే నాటితే భూమిలోనూ అలాగే చుట్టుకుని లావెక్కుతుంది, పదేళ్ళకి తన మానునే తాను బిగిస్తుంది, గాలికి పీకేసినట్టు పడిపోతుంది. చుట్టిన వేళ్ళని కత్తిరించి, విడదీసి నాటాలి. రెండు మూడడుగుల మొక్క తీసుకోవడం ఇంకా మంచిది, నాలుగేళ్ళలో అది పెద్దదాన్ని అందుకుంటుంది. మొదటి మూడు వేసవులూ నీళ్ళు పోసే మనిషి ఎవరో పేరు తెలిశాకే గుంత తవ్వండి. ట్రీ గార్డ్‌ని మాను లావెక్కగానే తీసెయ్యాలి. ఇనప ఊచలు మానులో కూరుకుపోయిన చెట్లు మన మెయిన్ రోడ్డు మీదే ఉన్నాయి.

చట్టం సంగతి అడిగారు. 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి, మీ స్థలంలో ఉన్నదైనా సరే. కొన్ని జాతులకి మినహాయింపులు ఉన్నాయి. ప్రమాదంగా ఒరిగిన చెట్టుంటే కొట్టించుకోవచ్చు, ఎవరూ కాదనరు. నేను కూడా కాదనను. చెట్టు మీద ప్రేమ ఉంది కదా అని తొర్రపడి ఇంటి మీదకి వంగిన దాన్ని ఉంచమనడం తెలివి కాదు. కొట్టేముందు తెలిసినవాళ్ళకి చూపించండి, అంతే. ఒరిగిన చెట్లన్నీ పడవు, నిటారుగా ఉన్నవన్నీ నిలవవు. మాను మొదట్లో పుట్టగొడుగులు వచ్చాయా, ఒక పక్క నేల పైకి లేచిందా, కొత్తగా ఒరిగిందా, ఎప్పటినుంచో అలాగే ఉందా, ఇవి చూడాలి.

ఇక పని. మన కాలనీలో ఎన్ని పెద్ద చెట్లున్నాయో ఎవరి దగ్గరా లెక్క లేదు. ఒక నోటుబుక్కు పెడదాం. చెట్టు పేరు, ఏ ఇంటి ఎదురుగా ఉంది, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో మాను చుట్టుకొలత ఎంత, మొదట్లో సిమెంటు ఉందా లేదా. ఈ నాలుగు రాస్తే చాలు. ఈసారి కేబుల్‌వాళ్ళు తవ్వడానికి వస్తే ఆ తేదీ కూడా అందులో రాయండి, ఎంత దూరంలో తవ్వారో కూడా. ఐదేళ్ళ తర్వాత చెట్టు ఎండితే ఎందుకో తెలుస్తుంది. ఇంటర్ చదివే పిల్లలు ఈ పని మనకంటే బాగా చేస్తారు, టేపు నేనిస్తాను.

రెండో వీధిలో నిద్రగన్నేరు చుట్టూ టైల్స్ తీయడానికి మన నగరపాలక సంస్థ జీవీఎంసీకి అర్జీ రాసి సెక్రటరీ గారి దగ్గర పెట్టాను. వెళ్ళేముందు సంతకాలు చేసి వెళ్ళండి. అనుమతి వస్తే వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి మొదలుపెడదాం, ఎండ ఎక్కేలోపు అయిపోతుంది. గునపం ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. వేళ్ళు టైల్స్‌కి అంటుకుని పైకే ఉంటాయి కాబట్టి గట్టిగా పొడవకండి, ఒక్కో టైలూ అంచు పట్టుకుని లేపాలి. తీసిన టైల్స్ కావాలని మూడో వీధి వాళ్ళు అడిగారు, వాళ్ళ గేటు దగ్గర పేర్చేద్దాం.